గొంతున్న గంట

పళ్ళు తీసి ఇవ్వమన్నప్పుడు సోమలింగానికి నిజంగా నవ్వొచ్చింది. గొంతు తీస్తారని తెలుసు, దానికి మనసును ఎంతో కొంత సిద్ధం చేసుకునే వచ్చాడు, కానీ గొంతుకంటే ముందు పళ్ళు అడుగుతారని ఇంతమంది డాక్టర్లలో ఒక్కరూ చెప్పలేదు. నర్సు చిన్న ప్లాస్టిక్ డబ్బా చాపి, "కాకా, దాంత్" అంది. ఆయన కట్టుడు పళ్ళు, పైవరుస, కిందివరుస తీసి అందులో పెట్టాడు, డబ్బా వజ్రమ్మ సంచిలోకి పోయింది, దాంతోపాటే మాటల్లో ఉన్న పదునంతా పోయింది. ఇక ఈ పొద్దుట మిగిలిన ఈ కాస్త సమయంలో ఏం మాట్లాడినా బోసినోటి మాటే. స్వరపేటిక మొత్తం తీసేస్తారు, గొంతు కింద ఒక రంధ్రం పెడతారు, ఊపిరి అక్కణ్ణించే, దగ్గు అక్కణ్ణించే, మాట మాత్రం ఎక్కణ్ణించీ ఉండదు. అరవై దాటేదాకా ఆపకుండా మాట్లాడిన మనిషికి ఆఖరి గంట ఇచ్చి, ఆ గంటకు పళ్ళు లేకుండా చేశారంటే, పైనున్న ఆయనకు కూడా కాస్త హాస్యం తెలుసన్నమాట అనుకున్నాడు. ఆ మాట నర్సుకు హిందీలో చెప్పబోతే, సగం గాలే వచ్చింది. ఆమెకు అర్థం కాకపోయినా నవ్వింది. నవ్వించడానికి అర్థం కావాలని ఏముంది.

స్ట్రెచర్ వరండాలో గోడవారగా ఆగి ఉంది. లోపల ముందు వాళ్ళ ఆపరేషన్ అనుకున్నదానికంటే ఆలస్యమవుతోందట, పిలుస్తాం ఉండమన్నారు. పక్కన స్టూలు మీద వజ్రమ్మ, చీర కొంగు తలమీదుగా చెవులదాకా కప్పుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుకు రాంప్రసాద్ రక్తం సంగతి చూడటానికి కిందికి పోయాడు. ఎదురుగా కిటికీలో సూరత్ ఆకాశం, మిల్లుల పొగతో బూడిద రంగుగా, అందులో అప్పుడే రెండు మూడు పతంగులు. ఇంకో వారంలో ఉత్తరాయణ్, పతంగుల పండగ, ఊరు ఊరంతా మేడలెక్కుతుంది. ఏటా ఈ రోజుల్లో రాంప్రసాద్ బండి మీద పోయేటప్పుడు తండ్రి మెడకు మఫ్లర్ మూడు చుట్లు చుట్టేవాడు, పతంగి మాంజా గొంతు కోస్తుందని. సోమలింగం కూడా భయపడేవాడు, ఫ్లైఓవర్ మీద ఒక చెయ్యి మెడకే పెట్టుకుని కూర్చునేవాడు. ఇన్నేళ్ళు ఇన్ని దారాల నుంచి కాపాడుకున్న గొంతును ఇవాళ తానే తీసుకొచ్చి, మంచి డాక్టరును చూసి మరీ, ఇదిగో కొయ్యి బాబూ అని ఇస్తున్నాడు. ఈ మాట రాంప్రసాద్‌తో అంటే వాడు నవ్వడు. వాడికి తండ్రి హాస్యం ఇప్పుడు భయం. డాక్టరు రోగం పేరు చెప్పిన రోజు నుంచి తండ్రి నవ్విస్తే వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, పోనీ నవ్వించకుండా ఉంటే ఇంకా భయపడతాడు. ముసలివాళ్ళకు జబ్బు చేస్తే పిల్లల్ని సముదాయించడమే పెద్ద పని. అందులో మందులు వేసుకోవడం ఒక చిన్న భాగం.

గొంతు. అసలు గొంతు ఎప్పుడు మొదలైంది? ఊళ్ళో ఉన్నప్పుడు తాను ఎక్కువ మాట్లాడేవాడు కాదని అమ్మ అనేది. పెద్దపల్లి దగ్గర రైలెక్కి, మీసాలు రాని మొహంతో ఈ ఊరొచ్చి, సాంచాల మీద నిలబడ్డాకే మాటలు ఊరడం మొదలైంది. సాంచాల కార్ఖానాలో మాట వినబడదు. పొద్దున లోపలికి అడుగు పెడితే ఆ మరమగ్గాల మోత వంద రైళ్ళు వంతెన మీద ఆగకుండా పోతున్నట్టు, మొదటి వారం నిద్రలో కూడా గోడలు అదిరేవి. ఎదుటి వరుసలో అంబదాస్ ఉండేవాడు, షోలాపూర్ నుంచి వచ్చిన మనవాడే, వరసకు బావ. అతనే పెదవులతో మాట్లాడటం నేర్పాడు. గొంతు వాడక్కర్లేదు, మాటను నోట్లోనే తయారు చేసి, పెదవులతో విడమరిచి అవతలికి విసిరితే చాలు, అతను అందుకునేవాడు. దారం తెగిందని, సేట్ వస్తున్నాడని, నిన్నటి కూర పాచిందని, అన్నీ అలాగే. కథలకు కథలు చెప్పుకున్నారు. ఒక్కోసారి సోమలింగం చెప్పిన జోకుకు అంబదాస్ సాంచా ఆపి మరీ కడుపు పట్టుకునేవాడు. షిఫ్టు అయ్యి బయటికి రాగానే, లోపల దాచిపెట్టుకున్న గొంతంతా ఒక్కసారి పొంగేది, వడోద్ గల్లీల్లో తన గొంతు తానే వింటూ నడిచేవాడు, చాయ్ బండి దగ్గర వినేవాళ్ళు దొరికితే ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. చేతిలో బీడీ. మాట ఆగినప్పుడు బీడీ, బీడీ ఆగినప్పుడు మాట. రెండూ ఒకే దారిలో వస్తూ పోతూ ఉన్నాయి, చివరికి ఆ దారినే తినేశాయి.

వజ్రమ్మ సంచిలో చెయ్యి పెట్టి డబ్బా ఉందా అని తడిమి చూసుకుంది. పళ్ళు పోతే మళ్ళీ చేయించుకోవడం ఎంత కష్టమో అన్నట్టు. ఆమెకు చెవులు ఎప్పుడు తగ్గాయో ఇద్దరికీ సరిగా తెలియదు. పెళ్ళైన కొత్తలో కార్ఖానా పక్క గదిలోనే కాపురం. గోడకు అవతల సాంచాలు, ఇవతల ఆమె కండెలు చుట్టే మిషన్, మధ్యలో ఉయ్యాలలో రాంప్రసాద్; మొగుడి గొంతు విడిగా ఆమె చెవిన పడిందే లేదు. ఆ మోతలో పిల్లవాడు హాయిగా నిద్రపోయేవాడు, కరెంటు పోయి మోత ఆగితే లేచి ఏడ్చేవాడు. ఆమె ముందు గుసగుసలు వినడం మానేసింది, తర్వాత మామూలు మాటలు, తర్వాత కుక్కర్ కూతలు. వినబడటం లేదని ఎవరితోనూ అనలేదు, మొగుడి మొహం చూడటం మాత్రం ఎక్కువ చేసింది. మొదట్లో సోమలింగం అది ప్రేమ అనుకుని మురిసిపోయాడు. తర్వాత తెలిసింది పెదవులు చదువుతోందని. తెలిశాక కూడా ప్రేమే అనుకున్నాడు, అలా అనుకుంటే పోయేదేముంది.

మైకు ముందు నిలబడే అలవాటు చేసింది పర్వత్ పాటియా దగ్గరి మన నేతవాళ్ళ సమాజం వాళ్ళు. మార్కండేయ జయంతి ఊరేగింపుకు ఒకసారి మైకు పట్టుకునే మనిషి రాకపోతే సోమలింగాన్ని ఎక్కించారు, అంతే, మళ్ళీ దించలేదు. బతుకమ్మకు ఆయనే, పెళ్ళి ఊరేగింపులకు ఆయనే. తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పినా జనం నవ్వేవారు, ప్రసాదం అయిపోయిందని చెప్పినా నవ్వేవారు. గొంతులో గరగర మొదలైనప్పుడు అల్లం, మిరియాలు, తమలపాకు తేనె, ఎవరేది చెబితే అది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు, సోమలింగం గారికి ఇవ్వండి అనేవాళ్ళు. దానికీ నవ్వాడు. పోయినేడు జయంతికి మైకు ముందు నిలబడి, మార్కండేయ మహర్షికీ, అని మొదలుపెట్టాడు. జై అనబోయేసరికి గొంతు లేదు. నోరు కదులుతోంది, గాలి పోతోంది, శబ్దం లేదు. మైకును తట్టాడు. మైకు బాగానే ఉంది. జనం ఇదేదో కొత్త నాటకం అనుకున్నారు, నవ్వు మొదలైంది, ముందు వరుసలో పిల్లలు ఈలలు వేశారు, ఆయన ఎంత నోరు తెరిస్తే నవ్వు అంత పెరిగింది. ఆడవాళ్ళ వైపు వజ్రమ్మ ఒక్కతే లేచి నిలబడింది. అంతమందిలో ఆమె ఒక్కతే ఆయన ఏమంటున్నాడో చదివింది. గొంతు వస్తలేదు అంటున్నాడు. కుర్చీల మధ్యలోంచి జనాన్ని తోసుకుంటూ స్టేజీ మీదికి వచ్చి, చెయ్యి పట్టుకుని దింపుకుపోయింది. వెనక నవ్వు ఇంకా ఆగలేదు. జీవితంలో అంత నవ్వు ఆయన ఎన్నడూ పుట్టించలేదు.

ఆ తర్వాత అన్నీ వరసగా వచ్చాయి. గొంతులోకి కెమెరా, ముక్క తీసి పరీక్ష, కరెంటు వైద్యం. మొహానికి వలలాంటి ముసుగు ఒకటి అచ్చు పోసి చేశారు, తల కదలకుండా బల్లకు బిగించడానికి. అది చూసి, విగ్రహానికా కొలతలు, ఎక్కడ పెడుతున్నారు, ఉధనా దర్వాజా దగ్గరైతే కాకులు ఎక్కువ, అన్నాడు. మిషన్ దగ్గరి అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి పోయింది. వైద్యం అయ్యింది, గొంతు కొంత తిరిగొచ్చింది, వేసవి దాటింది. దీపావళి తర్వాత రోగం కూడా తిరిగొచ్చింది. ఈసారి పెద్ద డాక్టరు నవ్వలేదు, మొత్తం తీసెయ్యాలి అన్నాడు. తీస్తే బతుకుతారు, చాలా ఏళ్ళు బతుకుతారు, తీయకపోతే మాట్లాడుతూ ఉంటారు, కొద్ది రోజులు. సోమలింగం ఇంటికొచ్చి, నేను మాట్లాడుకుంటూనే పోతాను అని తేల్చి చెప్పేశాడు. గొంతు లేని సోమలింగాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తారు, కుండీలో మొక్కలాగా పొద్దున పూట ఎండకు పెడతారా. రాంప్రసాద్ ఏడ్చాడు. కోడలు హారతి ఏడ్చింది. వజ్రమ్మ మాత్రం రెండు రోజులు తన పని తాను చేసుకుంది. మూడో రోజు వెల్లుల్లి ఒలుస్తూ, తల ఎత్తకుండానే అంది:

"నీ మాటలు నా చెవులకెన్నడొచ్చినయ్? నీ మొఖం జూసుకుంటనే బతికిన. మొఖముంటే సాలు నాకు."

అంతే. మళ్ళీ వెల్లుల్లి.  మర్నాడు సోమలింగం తానే రాంప్రసాద్‌ను డాక్టరు దగ్గరికి పద అన్నాడు.

ధైర్యం చెప్పడానికి డాక్టరు ఒక మనిషిని పిలిపించాడు, మన్‌సుఖ్‌భాయ్ అని, కతర్‌గామ్‌లో వజ్రాలు సానబెట్టేవాడు, ఇదే ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ పనిలో కూర్చుంటున్నవాడు. మెడకు చిన్న గుడ్డ కట్టుకుని, శుభ్రంగా తల దువ్వుకుని వచ్చాడు. సోమలింగం అడగాల్సినవన్నీ అడిగాడు. తుమ్ము ఎక్కణ్ణించి వస్తుంది? మన్‌సుఖ్‌భాయ్ మెడ చూపించాడు. గురక? మెడే. మరి భార్యతో పోట్లాట? అతను రెండు చేతులూ జోడించి దండం పెట్టి చూపించాడు. గది నవ్వింది. మన్‌సుఖ్‌భాయ్ కూడా నవ్వాడు. భుజాలు ఊగాయి, కళ్ళు మూతపడ్డాయి, నోరు తెరుచుకుంది, గుడ్డ వెనక కాస్త గాలి ఈల వేసింది. శబ్దం లేదు. అప్పుడు భయమేసింది సోమలింగానికి. రోగం పేరు విన్నప్పుడు కాదు, తిరగబెట్టిందన్నప్పుడు కాదు, ఆ శబ్దం లేని నవ్వు చూసినప్పుడు. మాట పోతుందని తెలుసు, మాటతోపాటు నవ్వు కూడా పోతుందని అప్పటిదాకా తట్టలేదు. తర్వాత తర్వాత ఒక యంత్రం పెట్టి మాట్లాడించొచ్చు అని డాక్టరు అన్నాడు, వినిపించాడు కూడా. మాల్‌లో లిఫ్టు మాట్లాడినట్టు ఉంది. చావు కబురు కూడా ఆ గొంతులో చెబితే మర్యాదగానే ఉంటుంది అనుకున్నాడు కానీ, పైకి అనలేదు.

గొంతు రికార్డు చేసి పెట్టుకుందాం మామా, అని పోయిన ఆదివారం హారతి ఫోను తెచ్చి స్టీలు చెంబుకు ఆనించి పెట్టింది. అందరి పేర్లు పిలవండి, పిల్లల్ని దీవించండి, మీ జోకులు చెప్పండి. అందరూ చుట్టూ చేరి ఊపిరి బిగబట్టారు. ఆన్ అయ్యిందా అన్నాడు. అయ్యింది అంది. ఎర్రచుక్క వస్తున్నదా అన్నాడు. వస్తోంది అంది. అంతే, ఇక మాట రాలేదు. వేలమంది ముందు మైకు పట్టిన మనిషి స్టీలు చెంబు ముందు మూగబోయాడు. ఎర్రచుక్క వస్తున్నదా అన్న ఆ ఒక్క ముక్కే ఇప్పుడు ఫోనులో ఉంది, మనవలకు తాత గొంతు అంటే అదే. అప్పటినుంచీ ఆయన మనసులో ఒక వాక్యం వెతుకుతున్నాడు, ఆఖరుగా వజ్రమ్మతో చెప్పడానికి. ఒకటి తయారు చేస్తే సినిమా డైలాగులా ఉంది, ఇంకొకటి వీలునామాలా ఉంది. నిన్న సాయంత్రం దొరికింది అనుకున్నది తీరా నోట్లో తిప్పి చూస్తే, సమాజం మైకులో ముఖ్య అతిథిని ఆహ్వానించినట్టు ఉంది. పైగా అందులో నిండా స, శ అక్షరాలే. పళ్ళు లేకుండా అవి పలకవు.

గాలికి కిటికీ రెక్క కొట్టుకుంది. వజ్రమ్మ ఉలిక్కిపడింది. సోమలింగం చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగి లేదు, దాన్ని చూడనే లేదు. అవతల మందుల బండి చక్రాలు కీచుమంటే మొహం చిట్లించింది. చిట్లించి, కొంగులోకి చెయ్యి పోనిచ్చి చెవి దగ్గర ఏదో సవరించుకుంది. కొంగు జారింది. చెవి వెనక గోధుమరంగు చెవిమిషన్.

దాన్ని రాంప్రసాద్ ఎన్నడో కొనిచ్చాడు. ఒక్కరోజు పెట్టుకుంది, సోమలింగం పనిమీద ఊరికి పోయిన రోజు. ఆ రోజంతా గిన్నెలు, పక్కింటి టీవీ, బండ్ల హారన్లు, తన గాజులు తనకే వినబడి, సాయంత్రానికి తీసేసి, ఇంత లొల్లిల ఎట్ల బతుకుతున్నరు మీరంత, అని బీరువాలో పెట్టేసింది. మళ్ళీ ఎవరెంత చెప్పినా ముట్టుకోలేదు. మొఖముంటే చాలు అన్న మనిషి. ఇవాళ చీకటితో లేచి, ఎవరికీ చెప్పకుండా, దానికి కొత్త సెల్లు వేసుకుని, కొంగు కప్పుకుని వచ్చింది.

"ఏందే అది?" అన్నాడు, అలవాటు ప్రకారం గట్టిగా, గొంతుకు ఉన్న బలమంతా పెట్టి.

"జర మెల్లగ," అంది వజ్రమ్మ. "ఇనబడ్తున్నది."

 ఆమె ఆయన మొహం చూడటం లేదు. మొదటిసారి ఆయన పెదవుల మీది నుంచి చూపు తీసేసి, తల కాస్త వంచి, చెవిని ఆయన వైపు పెట్టి కూర్చుంది.

"నీ గొంతు గిట్ల ఉంటదా," అంది, తనలో తాను అనుకున్నట్టు.

కాదని చెప్పాలనిపించింది. ఇది నాది కాదే, ఇది రోగం గొంతు, పళ్ళు కూడా లేనిది, నాది నిండుగా ఉండేది, గల్లీ మొదట్లో మాట్లాడితే చివరింట్లో వినబడేది, నువ్వు ఆలస్యంగా వచ్చావు, అది పోయింది, గరగర మొదలైన రోజే పోయింది. అంతా నాలుక దాకా వచ్చింది. ఆమె అలాగే తల వంచుకుని ఉంది, పాలు కాగుతున్న చప్పుడు వినేటట్టు. ఇప్పుడు ఈమెకు ఇది కాదని చెబితే ఇంకేది ఇస్తాడు? ఇవ్వడానికి ఇంకేముంది?

"గిట్లనే ఉంటది," అన్నాడు. "ఎప్పటిసంది గిట్లనే."

ఆమె తల ఊపింది. బాగానే ఉంది అన్నట్టు, ఇన్నాళ్ళు తను మనసులో అనుకున్నదానికి దగ్గరగానే ఉంది అన్నట్టు. ఇంక మాట్లాడమంది. ఆయన మాట్లాడాడు. వెతికి పెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు, రాకపోవడమే మంచిదైంది. మేడమీది నల్లా గట్టిగా తిప్పితే విరుగుతుందని చెప్పాడు. అంబదాస్ వస్తే చక్కెర తక్కువ వెయ్యమని చెప్పాడు. హారతి మంచి పిల్ల అని, రాంప్రసాద్ దగ్గర ఏడ్వకు, వాడు తట్టుకోడు అని చెప్పాడు. తర్వాత, కార్ఖానాలో అంబదాస్ సాంచా ఆపుకుని నవ్విన జోకు ఒకటి, సేట్‌దీ అతని మేకదీ, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు, బోసినోటితో, మధ్యలో రెండుసార్లు గాలి కోసం ఆగి. ఆమె మొత్తం విన్నది. విని, కాసేపు ఆలోచించి, "గిదానికేనా ఆ అంబదాసు అన్నేండ్లు గట్ల నవ్వింది?" అని, తనే పక్కున నవ్వింది. నర్సు తిరిగి చూసింది. రోగం పేరు విన్న తర్వాత వజ్రమ్మ నవ్వగా ఆయన చూడటం ఇదే మొదలు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో శబ్దం ఉంది. గరగరగా, విరిగిపోతూ, అయినా ఉంది. తన నవ్వు ఆమె చెవిలో పడటం కళ్ళారా చూశాడు.

అప్పుడు పిలిచారు. స్ట్రెచర్ కదిలింది, వజ్రమ్మ పక్కనే కమ్మీ పట్టుకుని నడిచింది, లిఫ్టు దగ్గర రాంప్రసాద్ పరుగున వచ్చి తండ్రి కాళ్ళు పట్టుకుని వదిలాడు, "బాపూ" అని మాత్రం అనగలిగాడు. తలుపు దగ్గర ఇక్కడిదాకే అన్నారు. ఆమె చెయ్యి కమ్మీ మీది నుంచి తీసింది. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. సోమలింగం ఆ వణుకు చూశాడు, ఏడుపు వణుకు కాదది, షుగరు వణుకు, ఎన్నిసార్లు చూడలేదు. తనకు పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదు కాబట్టి ఈమె కూడా నోట్లో ఏమీ వేసుకోలేదన్నమాట.

"తిన్నవా?"

"తిన్న."

"అబద్ధం. కిందికి పో. చాయ్ల రెండు బిస్కిట్లు ముంచుకొని తిను. పడిపోతవ్."

"తింట తియ్యి," అంది. అని కదలలేదు. తలుపు మధ్యకొచ్చింది.

లోపల చలి. పైన పెద్ద గుండ్రటి లైటు, ఇంకా వెలిగించలేదు. ముసుగుల పైన కళ్ళు మాత్రమే ఉన్న మనుషులు. చిన్న వయసు లేడీ డాక్టరొకామె తల దగ్గరికొచ్చి, మత్తు ఇచ్చేది తనేనని చెప్పి, భయపడొద్దని చెప్పి, "చాచా, అప్నా నామ్ బోలియే" అంది. సోమలింగం దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉంది, నెల నుంచీ ఉంది, నవ్వకుండా ఎవరూ ఉండలేని జవాబు. గొంతులో అంత గాలీ ఉంది. నోరు తెరవబోయాడు. తెరవలేదు. చెయ్యెత్తి మణికట్టుకు కట్టిన పేరు పట్టీ చూపించాడు. ఆమె మళ్ళీ అడిగింది, ఒక్కసారి నోటితో చెప్పండి చాచా అని. ఆయన తల అడ్డంగా ఊపి పట్టీనే చూపించాడు. ఆమె పట్టీ చదివి, మీరేనా అంది, ఆయన తల ఊపాడు. పొద్దుట పళ్ళు అడిగిన నర్సు వెనకనుంచి, ఇప్పటిదాకా వార్డంతా నవ్వించాడు పాపం, ఇప్పుడు భయపడుతున్నాడు అంది. భయం లేకపోలేదు. కాళ్ళు చల్లగా ఉన్నాయి, గుండె సాంచాలాగా కొట్టుకుంటోంది. కానీ చిగుళ్ళు రెండూ బిగపట్టి పడుకున్నది అందుకు కాదు. గొంతు తీసుకుంటే తీసుకోనీ, ఆఖరి మాట వజ్రమ్మ చెవిలోనే ఉండాలని, వాళ్ళు తీసుకునేలోగా ఆపింది మాత్రం తనే. మాస్కు ముక్కు మీదికి వచ్చింది, లోతుగా పీల్చమన్నారు, పీల్చాడు. వజ్రమ్మ ఈపాటికి క్యాంటీన్‌కు దిగి ఉంటుంది, చాయ్ చేతిలో ఉంటుంది. బిస్కిట్ ఎక్కువసేపు ముంచితే విరిగి అడుక్కు పోతుంది, ఆ మాట చెప్పాల్సింది, అనుకున్నాడు.